పొగ రాని జావా

మా మామ జీవరత్నం మలేరియా ఇన్‌స్పెక్టరుగా పని చేసినన్నాళ్లూ నల్లమల అంచు గూడేలన్నీ తిరిగింది ఒక జావా మోటారు సైకిలు మీదనే. అరవై నాలుగు నాటి బండి. తొంభై ఆరులో చూపు మందగించి, ఇక తోలలేనని తెలిసినాక, నంద్యాలలో వాళ్లింటి ముందర దాని తాళం నా చేతిలో పెట్టినాడు.

"నువ్వు ఫిజిక్స్ అయ్యోరివి. నాకన్నా బాగా చూసుకుంటావులే అల్లుడా" అన్నాడు.

నేనప్పుడు ఆళ్లగడ్డలో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. ఆ మాటను ఆయన నమ్మినాడు, నేను ఇంకా గట్టిగా నమ్మినాను. నా భార్య ప్రసన్నకుమారి మాత్రం నమ్మలేదు. ఆరేళ్ల కాపరంలో నేను బాగు చేసిన మిక్సీ, ఫ్యాను, గోడగడియారం ఏమైనాయో ఆమెకు తెలుసు.

ఇంజను లోపల ఇనుము రాసుకోకుండా ఆ బండికి పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోయాల. అందుకే పొగ వదుల్తుంది. నేను కాలేజీ గేటు దాటేసరికి పిల్లలు వెనకనించి దగ్గు నటించేవాళ్లు. "సారు దోమలకు మందు కొడ్తాండాడు రా" అని ఒకడు అరిస్తే అందరూ నవ్వేవాళ్లు. న్యూటన్ సూత్రాలు చెప్పేవాడికి ఈ మర్యాదేంది? బాగా ఆలోచించి ఒక ప్రయోగం మొదలుపెట్టినాను. ఆయిల్ ఎక్కువైతేనే కదా పొగ. పోసిన ప్రతిసారీ కొంచెం తగ్గిస్తూ పోతే, పొగ లేకుండా నడిచే కచ్చితమైన కొలత ఎక్కడో దొరక్కపోదు. దానికొక నోటుబుక్కు పెట్టి, పట్టిక వేసి, గ్రాఫు కూడా గీసినాను.

"ఆయిల్ తగ్గిస్తాండారంట?" అనింది ప్రసన్న. "మా నాయన ఎప్పుడూ తగ్గించలా."

"మీ నాయన కొలిచి చూడలా. నేను కొలుస్తాండా."

ఆమె చేతిలో ఉన్న చాట కింద పెట్టి, నన్నొకసారి చూసి, మళ్లీ చాట తీసుకుంది.

రెండు నెలలకు పొగ పూర్తిగా పోయింది. ఎందుకంటే అప్పటికి నేను ఆయిల్ పోయడం పూర్తిగా మానేసినాను. ఈ ఘనత మామకు చూపించాలని ఒక శనివారం నంద్యాలకు బయల్దేరినా. శిరివెళ్ల దాటినాక ఇంజను ఒక్కసారి కీచుమని, బిగుసుకుపోయింది. వెనక చక్రం తిరగడం మానేసింది. బండి రోడ్డు మీద జారింది, నేను పక్కనున్న శనగ చేన్లోకి పోయినాను. నల్లరేగడి మెత్తగా ఉండి బతికినా. చేను ఆయన పరిగెత్తుకుంటా వచ్చి, నేను లేచి కూర్చున్నాక, "ఏమప్పా, దిగేదానికి యాడా తావు దొరకలేదా?" అన్నాడు. పాపం, ఆయనే ట్రాక్టరెక్కించి బండిని ఆళ్లగడ్డకు చేర్చినాడు.

అంతటితో ఆగితే బాగుండు. ఇంజను నేనే విప్పుతానని వరండాలో గోనెపట్ట పరిచినా. అన్నీ బాగానే ఊడినాయి గానీ క్రాంకు మాత్రం లోపల్నించి రానంది. పిస్టన్ పైకీ కిందికీ ఆడే ఊపును తిరుగుడుగా మార్చేది ఈ క్రాంకే. రెండు బరువైన ఇనప బిళ్లలు, వాటి మధ్య ఒక పిన్ను, అటూ ఇటూ ఇరుసులు. ఆ ఇరుసు కొన మీద సుత్తితో పావుగంట కొట్టినా. చివరికి వచ్చింది. కొన పుట్టగొడుగు లాగా విచ్చుకుంది, దాని మీది మరచుట్లు మాయమైనాయి, బిళ్లలు రెండూ పక్కకు తప్పుకున్నాయి.

దాన్ని బియ్యం సంచిలో వేసుకుని, ఒళ్లో పెట్టుకుని, నంద్యాల బస్సెక్కినా. అక్కడ ఇమామ్, ఆయన భార్య ఫాతిమా కలిసి ఇనుము తరిగే లేత్ షాపు నడుపుతాండారు. మామ బండి మొదట్నించీ బాగు చేసింది వాళ్లే. లేత్ మీద చెయ్యి ఇమాముది, కొలత చూసే కన్ను ఫాతిమాది.

ఇమామ్ సంచి విప్పి, క్రాంకును పిస్టన్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్డును వేలితో తుడిచినాడు. వేడికి నీలం తిరిగి ఉంది.

"ఆయిల్ ఎంత పోస్తాండావ్ సార్?"

"సరిపడా."

ఆయన ఇరుసు కొన చూసినాడు. "మరి దీన్నిట్ల కొట్టిందెవరు?"

"ఆళ్లగడ్డలో ఒక మెకానిక్కు."

"వాన్ని మళ్లీ ఏ బండీ ముట్టనీయొద్దు సార్."

"సరే అన్నా."

అంతలో మామ వచ్చినాడు. బండి ఆగిపోయిందని ఎవరో చెప్పినారంట. గోడ పట్టుకుని నడుచుకుంటా వచ్చి, క్రాంకును చేతులతో తడిమినాడు. "ఏమైంది ఇమామూ?"

ఇమామ్ నోరు తెరిచే లోపల నేనే అందుకున్నా. "పాత బండి కదా మామా. లోపలంతా అరిగిపోయింది. ఎప్పట్నించో పగులుండిందేమో."

ఇమామ్ నా వైపు చూసి, లేత్ ఆన్ చేసినాడు.

మామ ముఖం పాలిపోయింది. "చెడిపోయిన బండిని నీ చేతికిచ్చినానే. నీకేమన్నా అయ్యుంటే మా పాప ప్రసన్నకేం జవాబు చెప్పేది?"

ఆ మాటకే నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. లోపల కొంచెం హాయిగా కూడా అనిపించింది.

మర్నాటి నుంచి ఆయన పొద్దున్నే షాపుకు వచ్చి కూర్చునేవాడు. మిగతా బండినీ విప్పిన సామాన్లనూ లారీలో షాపుకు చేర్చి, నేనూ కాలేజీకి సెలవు పెట్టి రోజూ వచ్చేవాన్ని. వద్దన్నా వినకుండా మామ ఒక్కొక్క సామానూ కిరసనాయిల్లో కడిగి, బట్టతో తుడిచి వరసగా పెట్టేవాడు. ఇమామ్ పాత పిన్నును ప్రెస్సు మిషన్లో ఒత్తి ఊడబెరికి, కొత్త పిన్ను, రాడ్డు, బేరింగ్ ఎక్కించినాడు. ఇరుసు కొనకు వెల్డింగ్ పోసి, తరిగి, మరచుట్లు కోసినాడు. మిగిలింది తప్పుకున్న బిళ్లల్ని తిన్నగా తేవడం. ఎంత కోణంలో, ఎంత బలంతో కొట్టాల్నో నేను రెండు కాగితాల నిండా లెక్క వేసి ఇచ్చినా. ఇమామ్ వాటిని మర్యాదగా రెండు చేతులతో తీసుకుని, వాటితోనే చేతికంటిన గ్రీజు తుడుచుకున్నాడు.

క్రాంకును లేత్ మీద మెల్లగా తిప్పుతా ఉంటే ఫాతిమా వంకర కొలిచే గేజ్ ముల్లు చూసేది. "ఆరు గీతలు. నీ దిక్కు." ఆయన దించి, రాగి సుత్తితో ఒక్క దెబ్బ వేసి, మళ్లీ ఎక్కించేవాడు. "నాలుగు." ఇంకో దెబ్బ. "మూడు. నిమ్మళంగా." ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. వాళ్లిద్దరూ అంతకన్నా ఎక్కువ మాట్లాడుకోలేదు. నేను ముల్లు చూస్తానని పోతే, "సార్, వెలుగుకు అడ్డమొస్తాండారు" అనింది ఫాతిమా.

మూడో రోజు మామ చేతిలో బట్ట అట్లనే పట్టుకుని ఉన్నట్టుండి అన్నాడు. "ఇమామూ, అహోబిలం పైన గూడెంలో పెద్దమ్మ అని ఒకామె. జ్వరం నెత్తికెక్కితే, వాళ్ల తమ్ముడు వెనక పట్టుకుని కూర్చుంటే, ఈ బండి మీదనే అడవి దాటించి ఆసుపత్రిలో చేర్చినా. బతికింది. మొన్నటి దాకా ఆ సంగతి తల్చుకుంటే సంతోషంగా ఉండేది. ఇప్పుడు నిద్ర పట్టడంల్యా. లోపల పగులుండి, ఆ అడవిలో ఆగిపోయుంటే ఆమె గతేంది? అట్లాంటి బండి మీద ఎంతమందిని ఎక్కించుకున్నానో."

నేను కూర్చున్న స్టూలు మీదనించి లేచినా.

"మామా, పగులు ల్యా. ఏమీ ల్యా. బండి బంగారం లాగుండింది. పొగ వస్తాందని నేనే ఆయిల్ మానేసినా."

"మానేస్తివా? చుక్క కూడా పోయలా?"

"పోయలా. ఆ కొనను కొట్టిన మెకానిక్కు కూడా నేనే అన్నా" అన్నాను ఇమాముతో.

"తెలుసు సార్. ఆళ్లగడ్డలో మెకానిక్కులందరూ నాకు తెలుసు" అన్నాడు ఆయన తలెత్తకుండా.

మామ చేతిలోని బట్ట మడిచి పక్కన పెట్టినాడు. "కొలిచి మానేస్తివా, ఊరికే మానేస్తివా?" అన్నాడు.

"కొలిచే. గ్రాఫు కూడా గీసినా."

ఫాతిమా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ నవ్వడం మొదలుపెట్టి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వి, కళ్లు తుడుచుకుని నవ్వు ఆపేసినాడు. "నాకు మూడు దినాలు కూడు సహించనీకపోతివి గదరా. ఇంజను పోతే పోయింది. నాకెందుకు అబద్ధం చెప్తివి?" అన్నాడు. ఆయన నన్ను 'రా' అని పిలిచింది అదొక్కసారే. నేను తల వంచుకుని క్షమించమన్నాను. "తాళం పాపకియ్యి" అన్నాడు.

"ప్రసన్నకు తోలేది రాదు గదా మామా?"

"ఎవరు చెప్పినారు? పదో తరగతిలోనే నేర్పినా. నువ్వు ఎప్పుడన్నా అడిగితివా?"

అడగలేదు. ఆరేళ్లలో ఆ ఒక్క కొలత తీసుకోలేదు.

ఆదివారం ప్రసన్న బస్సులో వచ్చి, ఇమామ్ బిగించి పెట్టిన బండిని షాపు ముందర రెండో కిక్కుకే స్టార్ట్ చేసింది. నేను వెనక కూర్చున్నా. ఆళ్లగడ్డలో మా వీధి మలుపు తిరిగేటప్పుడు నా క్లాసు పిల్లలు నలుగురు ఎదురై, నోళ్లు తెరుచుకుని, తర్వాత గౌరవంగా ఆమెకు నమస్కారం పెట్టినారు. నాకు పెట్టలేదు.

ఆమె పదేళ్లు దాన్ని తోలింది. మామ మా ఇంటికి వచ్చినప్పుడల్లా వాకిట్లో స్టార్ట్ చేయించి, నన్ను పక్కన నిలబెట్టుకుని, "క్రాంకు ఎట్ల పలుకుతాందో వింటాండావా?" అనేవాడు. నాకు తెలీలేదంటే, విసుక్కోకుండా మళ్లీ మొదట్నించీ చెప్పేవాడు.