లైబ్రరీ ముందు పచ్చిక

"మా వెర్నాదేముంది, గదులకి తాళాలిచ్చే ఉద్యోగం," అన్నాడు ఆమె భర్త క్లేటన్, పళ్ళెంలో బంగాళాదుంపలు వడ్డించుకుంటూ. ఆదివారం భోజనానికి వచ్చిన అతని తమ్ముడు నవ్వాడు. వెర్నా కూడా నవ్వి, ఖాళీ అయిన రొట్టెల బుట్ట తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ పొయ్యి పక్కన నిలబడి, ఎందుకు నవ్వానా అనుకుంది.

ఆ వేసవంతా రోజూ గిన్నెలు కడిగాక అదే వంటింటి బల్ల మీద ఆమె తను పనిచేసే యూనివర్సిటీకి పద్నాలుగు పేజీల నిబంధనలు రాసింది. వసంతకాలంలో చదువుకునే పిల్లలు పచ్చికలో నిరసనగా గుడారాలు వేశాక పైవాళ్ళకి కంగారు పుట్టింది. ఎవరు ఎక్కడ నిలబడి గొంతెత్తవచ్చు, మైకు ఏ వేళల్లో పెట్టవచ్చు, చాక్‌పీసుతో ఏ నేల మీద రాయవచ్చు, అట్టబోర్డుకి కర్ర తగిలించవచ్చా, అన్నీ తేల్చి రాయమని డీన్ విట్లాక్ ఆమెకి అప్పజెప్పాడు. రాసింది ఆమె, సభలో చదివింది ఆయన. చప్పట్లు పడుతున్నప్పుడు వెర్నా వెనకాల కాఫీ కప్పులు సర్దుతోంది. "కాఫీ బాగా కుదిరింది," అన్నాడు ఆయన వేదిక దిగి వచ్చి. రాస్తున్నన్నాళ్ళూ ఆమెకో పిచ్చి ఆలోచన వెంటాడేది. ఈ ఇంట్లో తను మాట్లాడదగ్గ చోటేది? టీవీలో మ్యాచ్ నడుస్తుంటే హాల్లో కూడదు. క్లేటన్ నడుపుతుంటే కారులో కూడదు. భోజనాల దగ్గర మగవాళ్ళ మాట తెగేదాకా ఆగాలి, అది తెగేసరికి పళ్ళేలు తియ్యాల్సిన వేళవుతుంది. పడకగదిలో అయితే, "పొద్దున్న మాట్లాడుకుందాం" అంటాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పొద్దున్న రాలేదు.

అక్టోబరు మొదట్లో, ఓ బుధవారం, రొసాల్బా ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. హాస్టళ్ళు శుభ్రం చేసే ఆడవాళ్ళలో అందరికంటే పాత మనిషి. వాళ్ళ సూపర్‌వైజరు, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలోకి తలుపు తట్టకుండా వచ్చేస్తాడట. మూడుసార్లు అర్జీ పెట్టారు, జవాబు లేదు. పోయిన వారం కొత్తగా చేరిన పిల్లని గోడకి అదిమి పట్టుకున్నాడట. ఆ పిల్ల మళ్ళీ పనిలోకి రాలేదు. శనివారం తల్లిదండ్రులు పిల్లల్ని చూడడానికి వస్తారు కదా, ఆ రోజు లైబ్రరీ ముందు పచ్చికలో ఓ గంట నిలబడాలని వాళ్ళ ఉద్దేశం.

"అరవం మేడమ్. ఊరికే బోర్డులు పట్టుకుని నిలబడతాం. ఎవర్ని అడగాలో అదొక్కటీ చెప్పండి."

జవాబు తొమ్మిదో పేజీలో ఉంది. ముప్ఫై మందికి లోపయితే, మైకు లేకపోతే, దారికి అడ్డం కాకపోతే అనుమతి అక్కర్లేదు. ఆ మాట రాసింది తనే. అయినా అలవాటు కొద్దీ, "రేపు చెప్తాను," అని ఆమెని పంపేసి, డీన్ గదికి వెళ్ళింది.

విట్లాక్ తలుపు ముయ్యమన్నాడు. శనివారం మ్యాచ్ ఉంది, పెద్ద పెద్ద దాతలు వస్తున్నారు, ఆ రోజే దొరికిందా వీళ్ళకి, అన్నాడు. నిబంధనలో అక్కర్లేదని ఉందండీ అంటే నవ్వాడు.

"ఉంటే మార్చు. వెబ్‌సైటు నీ చేతిలోదేగా? 'అక్కర్లేదు' తీసేసి 'తప్పనిసరి' అని పెట్టు. పాత తేదీ అలాగే ఉండనీ. నువ్వు మంచిదానివి వెర్నా, నీతో ఎప్పుడూ పేచీ ఉండదు."

ఆమె మార్చింది. ఒక్క మాట, అరనిమిషం పని. తర్వాత సాయంత్రం దాకా ఏ పనిలోనూ చెయ్యి ఆడలేదు. నీళ్ళు తాగడానికి లేచి, తాగకుండానే వచ్చి కూర్చునేది.

ఇంటికి వెళ్ళి అత్తగారికి జావ తినిపిస్తూ క్లేటన్‌తో చెప్పింది. ఆగ్నెస్‌కి పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది, మాట లేదు, చెవులు మాత్రం బాగానే వినిపిస్తాయి. క్లేటన్ టీవీ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు, "వాళ్ళ గొడవ నీకెందుకు? పెన్షన్‌కి ఇంకా ఆరేళ్ళుంది. శనివారం మావాళ్ళు పద్నాలుగు మంది మ్యాచ్ చూడ్డానికొస్తున్నారు, ఆ సంగతి చూడు." జావ మింగుతున్న ఆగ్నెస్ కోడలి మొహంలోకే చూస్తోంది. ఆ చూపుకి అర్థమేమిటో వెర్నాకి తెలియలేదు. తన మామగారు ఉన్నన్నాళ్ళు ఈవిడ ఏ గదిలో మాట్లాడేదో అని మాత్రం అనిపించింది.

మర్నాడు అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్ళి, పాత మాట పాత చోటే పెట్టింది. ఆ పేజీ అచ్చు తీసి, హాస్టల్ కింద చీపుర్లు పెట్టే గదికి దిగి రొసాల్బాకి ఇచ్చింది.

"నిన్న దీన్ని నేనే మార్చాను. ఇవాళ నేనే సరిచేశాను. ఎవర్నీ అడగక్కర్లేదు."

రొసాల్బా కాయితాన్ని రెండుసార్లు చదువుకుంది. ఎందుకు మార్చారని అడగలేదు. "శనివారం మీరూ వస్తారా?" అంది.

"శనివారం ఇంట్లో జనం ఉంటారు."

"మాకూ ఇంట్లో జనం ఉన్నారు మేడమ్," అంది రొసాల్బా మామూలుగానే.

శనివారం పొద్దున్నే వెర్నా పెద్ద కుండలో మాంసమూ చిక్కుడుగింజలూ వేసి చిల్లీ కూర వండింది. దాల్చినచెక్క రొట్టెలకి పిండి కలిపి, పొంగాక చుట్టి కాల్చింది. చేతులు కడుక్కుని, కోటు వేసుకుని, జావగిన్నె తెచ్చి క్లేటన్ ఒళ్ళో పెట్టింది. "మ్యాచ్ మొదలవకముందే అమ్మకి పెట్టు. తొందరపెడితే పొలమారుతుంది. నేను యూనివర్సిటీకి వెళ్తున్నా," అంది. అతను ఏదో అంటుండగానే తలుపు వేసింది.

పచ్చికలో పంతొమ్మిది మంది ఆడవాళ్ళున్నారు. వెర్నా వెళ్ళి చివర్న నిలబడితే ఎవరో చేతికి బోర్డు ఇచ్చారు. మ్యాచ్‌కి ఎర్రచొక్కాలు వేసుకుని వెళ్తున్న తల్లులు ఆగి బోర్డులు చదివారు. ఒకావిడ, ఇది మా అమ్మాయి ఉండే హాస్టలేనా అని అడిగింది. విట్లాక్ అతిథుల్ని వదిలి గబగబా వచ్చి, "ఎవరిచ్చారు వీళ్ళకి అనుమతి?" అన్నాడు గొంతు తగ్గించి. తొమ్మిదో పేజీ చూడమంది వెర్నా.

సోమవారం సూపర్‌వైజర్ని సెలవు మీద పంపి విచారణ వేశారు. నెల తిరక్కుండా వెర్నాని కార్లు నిలిపే చీటీలిచ్చే కిటికీ దగ్గరికి మార్చారు. అదంతా తర్వాతి సంగతి. ఆ శనివారం ఆమె ఇంటికి వచ్చేసరికి జనం వెళ్ళిపోయారు, తొట్టినిండా ఎంగిలి పళ్ళేలు ఉన్నాయి. క్లేటన్ చొక్కా మీద జావ మరకలు.

"గంటన్నర పట్టింది అమ్మకి," అన్నాడు నేరం మోపుతున్నట్టు. "ఇంటినిండా మనుషుల్ని పెట్టుకుని, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతావా?"

వెర్నా కోటు విప్పి కుర్చీకి తగిలించింది. పళ్ళేల వైపు వెళ్ళలేదు. అత్తగారి పక్కన కూర్చుంది.

"చెప్పే వెళ్ళాను క్లేటన్," అంది. "అడగలేదు, అంతే."