పెరోగీల డబ్బా

ఆ రోజు జూన్ ఒకటి. సాయంత్రం ఐదు లోపల కాంట్రాక్టు మీద సంతకం కాకపోతే కెల్టన్ మీద రివర్టన్ ప్రొఫెషనల్ ఐస్ హాకీ జట్టుకున్న హక్కు పోతుంది. పోతే వాడు మళ్లీ ఎంపిక జాబితాలో అట్టడుగుకు చేరతాడు. ఇరవై ఏళ్ల డిఫెన్స్ ఆటగాణ్ని రెండోసారి వెతుక్కుంటూ ఎవరొస్తారు? రివర్టన్ నుంచి కాంట్రాక్టు ఇంకా రాలేదు. లోర్నాకు పొద్దుటి నుంచి ఇదే ఆలోచన.

బయటి ఊళ్ల నుంచి వచ్చి ఊరి జూనియర్ జట్టుకు ఆడే పిల్లల్ని తలా ఒకరు ఇంట్లో పెట్టుకుని సాకడం అక్కడి ఆనవాయితీ. కెల్టన్ మూడేళ్లుగా లోర్నా ఇంట్లో ఉంటున్నాడు. సీజన్ అయిపోయినా, గోధుమ విత్తడం పూర్తయ్యేదాకా ఉంటానని ఆమె భర్త ఓరెస్ట్‌కు మాటిచ్చి ఆగిపోయాడు.

నాలుగు దాటింది. లోర్నా తాను నడిపే స్కూలు బస్సు పెరట్లో ఆపి వచ్చి, కజ్జికాయల్లాంటి పెరోగీలకు పిండి వత్తుతోంది. కెల్టన్ అందులో ఆలుగడ్డ ముద్ద పెట్టి అంచులు నొక్కుతున్నాడు. సగం విచ్చుకుపోతున్నాయి. ఆమె వాటినీ ఫ్రీజర్‌లో పెట్టే పళ్లెంలో సర్దుతోంది.

ఫోను మోగింది. తెలియని నంబరు. వాడు పిండి వేలితోనే స్పీకర్ నొక్కాడు. తాను పోర్ట్ హాలండ్ జట్టు మేనేజరుననీ, మూడో రౌండులో ఆటగాణ్ని ఎంచుకునే తమ వంతును రివర్టన్‌కు వదులుకుని కెల్టన్ హక్కు తెచ్చుకున్నామనీ, ఐదు లోపల సంతకం కావాలనీ ఒక బొంగురు గొంతు చెప్పింది.

కెల్టన్ మొహం గంటు పెట్టుకున్నాడు. పోయిన వారం ఇలాంటి ఫోనుకే ఈ వంటింట్లో గంతులేశాడు. తీరా చూస్తే అది ఊరి జట్టు గోల్‌కీపర్ స్టబ్బీ పని. కాంట్రాక్టు కోసం ఎదురుచూసేవాణ్ని ఇలా ఏడిపించడం ఆ జట్టులో ఏటా జరిగే తంతే.

"ఒరేయ్ స్టబ్బీ, గొంతు బాగానే కుదిరింది గానీ, నాకు మూడో రౌండేంట్రా? కోతలు కొంచెం నమ్మేలా కొయ్యి. ముందు మీ అమ్మని మా పెరోగీల డబ్బా తిరిగిచ్చెయ్యమను. క్రిస్మస్‌కి పట్టుకెళ్లింది."

పెట్టేశాడు. మళ్లీ మోగితే ఫోను నోరు నొక్కేసి ఫ్రిజ్ మీద పడేసి, ఓరెస్ట్‌కు సాయం చేయడానికి పొలానికి వెళ్లిపోయాడు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. స్టబ్బీ. చేతిలో డబ్బా.

"అమ్మ ఇమ్మంది ఆంటీ. ఆలస్యమైందని తిట్టుకోవద్దంది."

"ఇందాక ఫోను చేసింది నువ్వు కాదూ?"

"నా ఫోను నిన్న రింకులో పారేసుకున్నా. ఇప్పటిదాకా దాన్నే వెతుకుతున్నా."

లోర్నా చేతిలోంచి అప్పడాల కర్ర జారింది. అప్పుడే గోడకున్న పాత ఫోను గణగణలాడింది.

"అమ్మా, పోర్ట్ హాలండ్ నుంచి. ఈ నంబరు రివర్టన్ వాళ్లిచ్చారు," అంది అదే బొంగురు గొంతు. "మా అమ్మకి ఎనభై మూడేళ్లు. డబ్బా సంగతి తప్పకుండా కనుక్కుంటాను. ముందు మీ వాడిచేత సంతకం పెట్టించండి. కాగితాలు వాడి ఫోనుకి పంపాం. పద్దెనిమిది నిమిషాలే ఉంది."

కెల్టన్ ఫోను, స్టబ్బీ చెయ్యి రెండూ అందుకుని లోర్నా బస్సెక్కింది. ఎర్ర లైట్లు వెలుగుతుండగా, హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా, నిన్న విత్తిన వరుసల మీదుగానే పోనిచ్చింది. పసుపుపచ్చ బస్సు పొలం తొక్కుతూ రావడం చూసి ఓరెస్ట్ ట్రాక్టరు మీంచి రెండు చేతులూ ఊపుతూ తిట్ల దండకం అందుకున్నాడు.

"అది నిజం ఫోనేరా, సంతకం పెట్టు," అంది లోర్నా బ్రేకు వేస్తూ.

"అమ్మా, వాడు స్టబ్బీగాడు..."

"స్టబ్బీగాడు ఇదుగో, ఇక్కడున్నాడు."

స్టబ్బీ కిటికీలోంచి తల బయట పెట్టి చెయ్యి ఊపాడు. కెల్టన్ లోర్నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

సిగ్నల్ ఒక్క గీత. వాడు బస్సు బానెట్ ఎక్కాడు. రెండు గీతలు. కాగితాలు తెరుచుకున్నాయి గానీ పిండి ఎండిన వేలికి తెర కదల్లేదు. లోర్నా ఏప్రన్ అంచు మంచినీళ్ల సీసాలో ముంచి ఆ వేలు రుద్ది తుడిచింది. నాలుగూ యాభై ఆరుకు సంతకం వెళ్లింది.

యాభై ఎనిమిదికి ఫోను మోగింది.

"అందింది. మా వాడివయ్యావు," అన్నాడు మేనేజరు. "ఆ స్టబ్బీ ఉంటే పిలువు. నా గొంతు ఎలా చేస్తాడో వినాలి."

నోరు మూతపడని స్టబ్బీ తల లోపలికి లాక్కుని కిటికీ మూసేశాడు. అంతలో ఓరెస్ట్ బస్సు చక్రాల జాడ చూపిస్తూ, రొప్పుకుంటూ వచ్చాడు. సంగతి విని, నలభై ఏళ్లుగా తల మీంచి తీయని, తన అభిమాన జట్టు రివర్టన్ టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు. ఆ తర్వాత కెల్టన్‌ను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు.

కెల్టన్ పోర్ట్ హాలండ్‌కు బయల్దేరిన రోజు లోర్నా ఆ డబ్బా నిండా పెరోగీలు సర్దింది. వాడు నొక్కిన విచ్చుకుపోయినవి కూడా పెట్టింది. మూత మీద "మేనేజరుగారి అమ్మకి" అని రాసి, కింద తన చిరునామా, దాని కింద "డబ్బా తిరిగి పంపాలి" అని రాసి, రెండు గీతలు గీసింది.