కసియానో పంచిన నీళ్లు

మా లోయలో పిండిమర ఫెర్మీన్ మామది. కొండవాగు నీళ్లతో తిరిగేది. ఆయన ఒక్కగానొక్క కొడుకు కసియానో, నేనూ ఒకే ఈడువాళ్లం. మరరాయి అరిగితే ఉలితో గంట్లు కొట్టేది వాడే. పిండిని వేళ్ల మధ్య నలిపి చూసి, "బరకగా ఉంది పిన్నీ, ఇంకోసారి వేస్తా, కూర్చో" అనేవాడు. మా దేశానికి పరాగ్వేతో యుద్ధం రాగానే మా ఇద్దరినీ ఒకే లారీలో సరిహద్దులోని చాకోకు తోలారు.

అక్కడంతా ఇసుక, ముళ్లపొదలు. తూటాల కంటే దాహానికే ఎక్కువమంది పోయారు. శత్రువులు మా దళాన్ని చుట్టుముట్టాక నీళ్ల లారీ రాలేదు. ఒక్క పీపా మిగిలింది. దాన్ని పంచే పని కెప్టెన్ కసియానోకు అప్పజెప్పాడు.

"మరవాడి కొడుక్కా! వచ్చినవాళ్ల గింజల్లో గుప్పెడు నొక్కేసే రకం సార్ వీళ్లు" అన్నాడు సార్జెంటు.

"నొక్కితే నా వేళ్లు కోసెయ్, సార్జెంటూ" అని నవ్వాడు కసియానో.

గాయపడ్డవాళ్లకు ముందు, తనకు చివర. సార్డీన్ చేపల డబ్బాతో కొలిచి పోసేవాడు. ఒక మధ్యాహ్నం మావాళ్లే ఓర్చుకోలేక గుంపుగా పీపా మీదికి వచ్చారు. "కాల్చెయ్!" అని కెప్టెన్ అరిచాడు. కసియానో తుపాకీ పక్కన పడేసి పీపాను వాటేసుకున్నాడు.

"ఒరేయ్, దెబ్బలు తగిలినోళ్లవిరా ఇవి! నన్ను కొట్టండి, దీన్ని వదిలెయ్యండి!"

ఎవడో తుపాకీ మడమతో వాడి తల మీద కొట్టాడు. పీపా దొర్లింది. నీళ్లు ఇసుకలో ఇంకిపోయాయి. మనుషులు ఆ తడి ఇసుకను నోట్లో కుక్కుకున్నారు. వాళ్లలో సార్జెంటూ ఉన్నాడు.

పీపా నీళ్లకు తడిసిన కసియానో చొక్కానే వాడి నోట్లో పిండాను. బురదచుక్కలు రాలాయి.

"వాళ్లని తిట్టకురా. నాకూ అంతే దాహంగా ఉంది" అన్నాడు. పొద్దు వాలకముందే పోయాడు. గొయ్యి లోతుగా తవ్వే ఓపిక మాకు లేదు.

మర్నాడు లొంగిపోయాం. పరాగ్వేవాళ్లు మాకు కడుపునిండా నీళ్లిచ్చారు.

చెర నుంచి తిరిగొచ్చి అంతా చెప్పాను. "ఎవడు కొట్టాడు?" అన్నాడు మామ.

"దుమ్ములో కనబడలేదు మామా."

"వాడు తాగాడా నాయనా, ఆ పూట?" అంది వాడి తల్లి బసీలియా అత్త.

"వాడి వంతు ఇంకా రాలేదత్తా."

ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది.

మామ రెండు కంచరగాడిదలు తోలుకుని కొడుకు ఎముకలు తెస్తానని చాకోకు బయల్దేరాడు. పూడ్చిన చోటి గుర్తులన్నీ చెప్పి పంపాను. నెలలు గడిచాక ఖాళీ సంచులతో వచ్చాడు.

"అక్కడ అన్ని పొదలూ ఒక్కలాగే ఉన్నాయిరా" అన్నాడు. బూట్లైనా విప్పకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.