ముదీర్ సాబ్ కాల్చిన తోడేలు

మసాఫీ దాటి ఫుజైరా వైపు పోయే కొత్త తారురోడ్డు మీద కొంత దూరం వెళ్లాక ఎడమ చేతికి ఒక ఎండిన వాగు వస్తుంది. ఆ వాగు రాళ్ల మీద జీపు గంటన్నర సేపు కుదుపులు తింటూ పోతే, గోధుమరంగు కొండల నడుమ ఒక రాతిగది కనబడుతుంది. ముందు చిన్న వసారా, వెనక ప్లైవుడ్ తలుపు, పక్కన ఇనుప నీళ్ల ట్యాంకు. దాన్ని ఇమామ్ హుస్సేన్ ‘షికార్ బంగ్లా’ అనేవాడు. దానికి కాపలా ఉండే భోజన్న మాత్రం మనసులో ‘కొట్టం’ అనుకునేవాడు.

ఇమామ్ హుస్సేన్ ఫుజైరాలో కంకర కొట్టే కంపెనీకి ముదీర్, అంటే మేనేజరు. హైదరాబాదు మనిషి. కాపురం షార్జాలో, రోలా దగ్గర ఫ్లాట్లో. తన తాత పులుల్ని వేటాడాడని చెప్పేవాడు. మొదట రెండు పులులన్నాడు. భోజన్న ఆయన దగ్గర చేరిన రెండో ఏడు, అంటే డెబ్బై ఎనిమిది నాటికి, పులులు తొమ్మిదయ్యాయి. కంపెనీ కఫీల్, అంటే అరబ్బు యజమాని, మంచివాడు. వాడకుండా పడివున్న ఆ కొండగదిని, తన పేర లైసెన్సు ఉన్న రెండు తుపాకుల్ని ముదీర్‌కు ఇచ్చాడు. ఒకటి రెండు గొట్టాలది, ఇంకోటి చిన్న రైఫిల్. సరదాగా వాడుకోమన్నాడు. ముదీర్ వాటిని సరదాకే వాడుకుంటే ఈ కథ లేదు.

భోజన్నది ఆదిలాబాదు జిల్లా, ఖానాపూర్ అవతల అడవి పక్క ఊరు. పదిహేనేళ్లప్పటి నుంచి షికారుకొచ్చిన దొరలకు డప్పులు కొట్టి జంతువుల్ని తోలిపెట్టాడు. అందుకే తుపాకి పట్టుకున్న మనిషిని చూడగానే అతనికి లెక్క తెలిసిపోయేది. గురి ఉన్నవాడు తక్కువ మాట్లాడతాడు. గురి లేనివాడు ముందు టోపీ కొంటాడు. ఇమామ్ హుస్సేన్ దగ్గర మూడు టోపీలున్నాయి.

ప్రతి శుక్రవారం ముదీర్ ఎవరో ఒక చుట్టాన్నో స్నేహితుణ్ణో వెంటేసుకుని వచ్చేవాడు. భోజన్న ముప్పై అడుగుల దూరంలో రాళ్ల మీద పాలడబ్బాలు వరసగా పేర్చేవాడు. ముదీర్ టోపీ సర్దుకుని, కాలు ముందుకు పెట్టి, ఒక కన్ను మూసి కాల్చేవాడు. పది తూటాలకు రెండు డబ్బాలు పడేవి. అందులో ఒకటి గాలికి.

“ఎండ కండ్లల్ల పడుతుంది, భోజన్న,” అనేవాడు.

ఎండ ఆయన వీపు వైపు ఉండేది. “అవును సాబ్,” అనేవాడు భోజన్న.

డబ్బాల ఆట అయ్యాక ఉపన్యాసం మొదలయ్యేది. “మనిషికి హిఫాజత్ ముఖ్యం. ఈ కొండల్ల దొంగలున్నరు, తోడేళ్లున్నయ్. తుపాకి లేకుంటె మనమేంది? మేకలం.” గది చుట్టూ భోజన్న చేతే సున్నంతో గీత గీయించాడు. శుక్రవారం ఎవరైనా ఆ గీత దాటి వస్తే కాల్చే హక్కు తనకుందని వచ్చినవాళ్లకు చూపించేవాడు. ఆ గీత లోపల కాపాడుకోవాల్సినవి ఏమున్నాయంటే రెండు నవారు మంచాలు, ఒక కిరోసిన్ స్టవ్వు, ఒక క్యారమ్ బోర్డు. సాయంత్రం కాగానే తుపాకులు జీపులో పెట్టుకుని వెళ్లిపోయేవాడు. మిగిలిన ఆరు రోజులు ఆ దొంగల మధ్య, తోడేళ్ల మధ్య భోజన్న ఒక్కడే ఉండేవాడు, చేతికర్రతో. అతని హిఫాజత్ సంగతి ముదీర్‌కు ఎన్నడూ గుర్తు రాలేదు. దొంగా రాలేదు, తోడేలూ రాలేదు.

వచ్చేది ఒక్క సైఫ్. పై కొండ మీద నాలుగు రాతి ఇళ్లలో ఒకటి అతనిది. అరవై దాటిన మేకల కాపరి. కంపెనీ ట్యాంకరు వారానికోసారి నీళ్లు నింపి పోయేది. సైఫ్ తన గాడిద మీద రెండు డబ్బాలు వేసుకొచ్చి నింపుకునేవాడు. బదులుగా మేకపాలు తెచ్చేవాడు. ఇద్దరికీ కలిపి పది మాటలు వచ్చు. ఆ పది మాటలతోనే గంట కూర్చునేవారు. గాడిదకు భోజన్న ఎండు రొట్టెముక్కలు పెట్టేవాడు. దానికి అలవాటై, మధ్యాహ్నం నమాజు దాటిన వేళకు ఒక్కొక్కసారి అదే దిగివచ్చి, వెనక తలుపును తలతో నెట్టేది. “అచ్చినవా అల్లుడా,” అని భోజన్న తలుపు తీసేవాడు. శుక్రవారం రావద్దని సైఫ్‌కు చెప్పాడు. గాడిదకు శుక్రవారం తెలియదు.

ఆ చలికాలంలో ఒక శుక్రవారం ముదీర్ తన భార్య సర్వర్ బేగంని, బర్ దుబాయ్‌లో బట్టల దుకాణం ఉన్న స్నేహితుణ్ణి తీసుకొచ్చాడు. దుకాణం మనిషి ఏది చెప్పినా నోరు తెరిచి వినే రకం. అలాంటివాళ్లంటే ముదీర్‌కు ప్రాణం. బిర్యానీ తిన్నాక, తూటాలు ఎక్కించిన తుపాకి ఒళ్లో పెట్టుకుని, గదిలో ఉండగా దొంగ వస్తే ఏం చెయ్యాలో చెప్పడం మొదలుపెట్టాడు. సర్వర్ బేగం మంచం మీద కూర్చుని తమలపాకులు చుట్టుకుంటోంది. ఆమె ఈ పాఠం చాలాసార్లు విన్నదని ముఖం చూస్తేనే తెలుస్తుంది.

భోజన్న బయట ట్యాంకు దగ్గర డేగిశా తోముతున్నాడు. లోపలి నుంచి ముదీర్ గొంతు వినబడింది.

“కౌన్ హై? మన్?”

ఎవరది అని హిందీలో ఒకసారి, అరబ్బీలో ఒకసారి అడిగాడు. జవాబు రాలేదు. తలుపు కిర్రుమంది. ఆ కిర్రు భోజన్నకు తెలుసు. “సాబ్, ఆగుండ్రి! గాడిద...” అని లేచేలోపు రెండు గొట్టాలూ ఒకేసారి పేలాయి.

అతను పరుగెత్తి వెనక్కి వెళ్లేసరికి ప్లైవుడ్ తలుపుకు తలకాయ పట్టేంత బొక్క పడింది. గాడిద రెండడుగులు వెనక్కి వేసి కూలబడింది. మెడా, రొమ్మూ చీలిపోయాయి. చావలేదు. లేవబోతుంది, పడిపోతుంది. మళ్లీ లేవబోతుంది. దాని గొంతులోంచి వస్తున్నది అరుపు కాదు, తిత్తి ఊదినట్టు గాలి.

ముదీర్ వచ్చి చూశాడు. ముఖం సున్నంలా పాలిపోయింది.

“ఇంకొకటి కొట్టుండ్రి సాబ్. తన్లాడుతున్నది,” అన్నాడు భోజన్న.

ముదీర్ తుపాకి తెరిచి తూటా పెట్టబోయాడు. తూటా కింద పడింది. ఇంకోటి తీశాడు. అదీ పడింది. దుకాణం మనిషి అప్పటికే జీపులో ఎక్కి అద్దాలు ఎత్తుకున్నాడు. భోజన్న ఇక అడగలేదు. తుపాకి గుంజుకుని, తూటా ఎక్కించి, గాడిద చెవి వెనక ఆనించి నొక్కాడు. అది ఆగిపోయింది. తుపాకి గోడకు ఆనించి, భోజన్న అక్కడే గొంతుక్కూర్చుండిపోయాడు. రొట్టెముక్కలు అలవాటు చేసింది తనే.

వాకిట్లోంచి చూస్తున్న సర్వర్ బేగం భర్తతో, “మీ ఖాందాన్ల ఇది పదో పులి,” అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాటకు ముదీర్‌కు ప్రాణం లేచొచ్చింది. సిగ్గుపడాల్సిన చోట ఆయనకు ఎప్పుడూ తెలివి పుట్టేది. సిగరెట్టు వెలిగించుకుని అటూ ఇటూ నాలుగడుగులు వేశాడు.

“ఇదర్ దేఖో భోజన్న. తోడేలు వచ్చింది. గాడిద మీద పడ్డది. నేను తోడేల్ను కాల్చిన, అది ఉరికింది. గాడిద బాధ చూడలేక నేనే ఖలాస్ చేసిన. సమజైందా?”

“తలుపుకు బొక్కుంది గద సాబ్.”

“తలుపు నేను మార్పిస్త. ముసలోడు వస్తె నువ్వు చెప్పు. నీ మాట నమ్ముతడు.” మెత్తగా అన్నాడు: “నీ పాస్‌పోర్టు నా బీరువాలనే భద్రంగ ఉంది, ఫికర్ చెయ్యకు.”

ఇంత పిరికివాడు ఇంత తేలిగ్గా భయపెట్టగలగడం భోజన్నకు ఒళ్లు మండించింది. 

ఎండ వాలుతుండగా గాడిదను వెతుక్కుంటూ సైఫ్ దిగివచ్చాడు. ముదీర్ చేతులు ఊపుతూ వచ్చీరాని అరబ్బీలో తోడేలు కథంతా చెప్పాడు. సైఫ్ ఆయన వైపు చూడను కూడా లేదు. గాడిద పక్కన కూర్చుని మెడ మీద చెయ్యి పెట్టాడు. చెవి వెనక వేలు పెట్టి చూశాడు. తలెత్తి తలుపు బొక్కను చూశాడు. తర్వాత భోజన్నను చూశాడు.

“యా భోజన్. జీబ్?”

తోడేలా అని. ఆ పది మాటల్లో అది లేదు. కానీ ముదీర్ అప్పటికే దాన్ని పదిసార్లు పలికాడు కాబట్టి భోజన్నకు అర్థమైంది. ఊళ్లో సగం కట్టిన ఇల్లు, బీరువాలోని పాస్‌పోర్టు, ఇంకా ఏడాది మిగిలిన పని ఒప్పందం కాగితం అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

“జీబ్,” అన్నాడు.

సైఫ్ గాడిద మెడకున్న తాడు విప్పి, చుట్టి భుజాన వేసుకున్నాడు. కొండెక్కాడు. భోజన్న గొయ్యి తవ్వడం మొదలుపెట్టేసరికి జీపు వెళ్లిపోయింది.

ఆ వారం సైఫ్ రాలేదు. పాలు రాలేదు. డబ్బాలు చేత్తో మోసుకుంటూ అతని కోడలు వాగు అవతలి ఊట దగ్గరికి వెళ్లడం భోజన్న దూరం నుంచి చూశాడు. అది గంటన్నర నడక. ఇక్కడ ట్యాంకులో నీళ్లు నిండుగా ఉన్నాయి. ఇన్నాళ్లూ ముదీర్‌ను చూసి లోలోపల నవ్వుకుంటూ బతికాడు. ఆ నవ్వు ఇప్పుడు లేదు.  ముదీర్ భయపడి అబద్ధమాడాడు, నేనూ భయపడే ఆడాను, మరి నాకూ వానికీ తేడా ఏంది అని ఒక్కడే కూర్చుని అనుకున్నాడు. తేడా దొరకలేదు.

మరుసటి శుక్రవారం రెండు జీపులు వచ్చాయి. తోడేలును కాల్చిన చోటు చూడాలని ఆరుగురు వచ్చారు. సర్వర్ బేగం కూడా వచ్చింది. కొత్త తలుపు తెచ్చారు గానీ, ముదీర్ ఇంకా బిగించనివ్వలేదు. బొక్క అందరికీ చూపించాలి కదా. అప్పటికి తోడేళ్లు రెండయ్యాయి. ఒకటి తలుపు చీల్చుకుని లోపలికి తల పెట్టిందట. ముదీర్ టోపీ వెనక్కి తోసి, “కావాల్నంటె నాతూర్‌నే అడుగుండ్రి. కండ్లార చూసిండు. బోల్ భోజన్న, ఎంత పెద్దగుండె?” అన్నాడు.

నాతూర్ అంటే కాపలావాడు. అందరూ అతని వైపు తిరిగారు. భోజన్న చేతిలో పళ్లేలున్నాయి. వాటిని కింద పెట్టాడు.

“తోడేలు లేదు సాబ్. గాడిద. పైన ముసలాయనది. రొట్టెకోసం తలుపు నూకింది. సాబ్ భయపడి తలుపు మీదనే కాల్చిండు. ఇంకోటి కొట్టెతందుకు సాబ్‌కు చేతులు వనికినయ్, నేను కొట్టిన. ముసలాయనకు తోడేలని అబద్ధం చెప్పింది నేనే.”

ఎవరో దగ్గారు. ముదీర్ నవ్వబోయి, “వీనికి ఎండ దెబ్బ తగిలింది,” అన్నాడు.

సర్వర్ బేగం బిర్యానీ గిన్నె మూత తీస్తూ, “నిజమే చెప్తుండు. చల్లారుతున్నది, తినుండ్రి,” అంది.

ఆరుగురూ ముఖాలు పళ్లేల్లో పెట్టుకుని తిన్నారు. ఆ రోజు డబ్బాలు ఎవరూ పేర్చమనలేదు. వెళ్లేముందు ముదీర్ భోజన్నను పక్కకు పిలిచి, అతని కళ్లలోకి చూడకుండా, “రేపు ట్యాంకర్ల ఎక్కి క్రషర్‌కు వచ్చెయ్. నీకిక్కడ పని లేదు,” అన్నాడు.

జీపులు మలుపు తిరగగానే భోజన్న కొండెక్కాడు. సైఫ్ తన ఇంటి ముందు గోడకు ఆనుకుని మేకపిల్ల గిట్టలు చూస్తున్నాడు. భోజన్న ఎదురుగా నిలబడి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, “మాఫీ జీబ్. ముదీర్,” అన్నాడు. తోడేలు లేదు, ముదీర్. తుపాకి పేల్చినట్టు చెయ్యి చూపించాడు. తర్వాత తన నోటిని చూపించుకుని, “కజ్జాబ్,” అన్నాడు. అబద్ధాలకోరు. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాడో అతనికే గుర్తులేదు.

సైఫ్ మేకపిల్లను వదిలాడు. నెమ్మదిగా, విడివిడిగా, సైగలు కలిపి అర్థమయ్యేట్టు చెప్పాడు. తోడేలు కాదని చూడగానే తెలుసన్నాడు. చెవి వెనక కాల్చే తోడేలు ఈ కొండల్లో లేదన్నాడు. “తెలియక నిన్ను అడగలేదు. నువ్వేమంటావో చూద్దామని అడిగాను.”

కోడలు కాఫీ తెచ్చింది. ఇంటికి వచ్చినవాడికి ఇవ్వక తప్పదు గనుక ఇచ్చింది. భోజన్న ఆ చిన్న గిన్నెడు తాగాడు. రెండోసారి పొయ్యలేదు. ట్యాంకులో నీళ్లున్నాయని, రేపటి తర్వాత ట్యాంకరు మాత్రం ఇక రాకపోవచ్చని, ఉన్నంతవరకు తీసుకెళ్లమని సైగలతో చెప్పి దిగివచ్చాడు. తెల్లారి ట్యాంకరు ఎక్కేటప్పుడు చూస్తే, ఆ కోడలు రెండు డబ్బాలు నింపుకుంటోంది. అతన్ని చూసి తల తిప్పుకుంది.

క్రషర్ దగ్గర దుమ్ములో భోజన్న ఏడాది పూర్తిచేశాడు. అతని కంటే ముందే తోడేలు కథ అక్కడి కూలీల క్యాంపుకు చేరింది. అతను చేరాక అసలు కథ చేరింది. నెల తిరక్కుండానే కరీంనగర్ వాళ్లు, నెల్లూరు వాళ్లు, పఠాన్లు కూడా ఇమామ్ హుస్సేన్‌ను ‘హిమార్ సాబ్’ అనడం మొదలుపెట్టారు. గాడిద దొర. ఆయన జీపు గేటు దగ్గర ఆగగానే ఎవడో ఒకడు కంకర గుట్ట వెనక నుంచి గాడిదలా ఓండ్రపెట్టేవాడు. ఆ మాట కఫీల్ చెవిన పడిందో ఏమో, తుపాకులు రెండూ వెనక్కి వెళ్లిపోయాయి. టోపీలు మాత్రం మిగిలాయి. రోలాలో మాత్రం ఆయన ఇప్పటికీ తోడేళ్ల గురించే చెబుతున్నాడని, అవి మూడయ్యాయని డ్రైవరు చెప్పేవాడు.

క్యాంపులో కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా భోజన్న చేత ఆ కథ చెప్పించుకునేవారు. “కౌన్ హై, మన్” దగ్గర పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. సర్వర్ బేగం మాటకు ఇంకా నవ్వేవారు. “ఆడికి ఆపు అన్నా, బాగుంది,” అని ఎవరైనా అంటే భోజన్న ఒప్పుకునేవాడు కాదు. ముసలాయన వచ్చి తన ముఖంలోకి చూసి అడగడం, తను జీబ్ అనడం, ఆయన తాడు చుట్టుకుని పోవడం కూడా చెప్పేవాడు. అక్కడికొచ్చేసరికి నవ్వులు ఆగేవి. అప్పుడు లేచి, పళ్లెం కడుక్కుని, పడుకునేవాడు.