బంతి తప్ప ఇంకేమీ విసరకూడదు

రండి, రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ చెకర్స్ బల్ల కాసేపు పక్కన పెట్టండి, ఓడిపోయేవాడు ఎలాగూ ఓడిపోతాడు. మెర్ల్, నోట్లో ఉన్న వేరుశనగలు నమిలి మింగెయ్, నీ దవడల చప్పుడుకి నా మాట నాకే వినపడదు. అందరూ నోళ్ళు మూసుకున్నారా? సరే. నోరు మూసుకోవడం గురించే ఈ కథ.

మన పైక్స్ ఫెర్రీ జట్టుకి హెర్షెల్ టాకెట్ బంతి విసిరే రోజుల్లో నేను బంతులకి బురద రుద్దేవాణ్ణి. నవ్వకండి. కొత్త బేస్‌బాల్ నున్నగా ఉంటుంది, చేతిలోంచి జారిపోతుంది. ఆటకి ముందే అయిదు డజన్ల బంతులకీ నది ఒడ్డు బురద పట్టించి ఆ నునుపు చంపెయ్యాలి. ఆ పని చేసినందుకు ఆటగాళ్ళ బెంచీ చివర నాకో చోటుండేది. కాబట్టి ఇదంతా ఈ కళ్ళతో చూసిందే. మీరు నమ్మరని కొంచెం తగ్గించే చెబుతున్నాను.

హెర్షెల్ బంతి విసిరితే దుప్పటి చింపినట్టు గాలి చిరిగేది. ఆ బంతి పట్టుకునే క్యాచర్ డెల్బర్ట్ యాన్సీ, అరచెయ్యి చితికిపోకుండా తొడుగులో పచ్చి మాంసం ముక్క పెట్టుకునేవాడు. నాలుగో ఇన్నింగ్స్‌కి ఆ ముక్క ఒక పక్క కాలేది. ఏడో ఇన్నింగ్స్‌కి రెండో పక్క. ఆట అయ్యాక ఉప్పు చల్లి, రొట్టె మధ్య పెట్టుకుని తలా కొంచెం తినేవాళ్ళం.

చెయ్యి అంత గొప్పది. కోపం దానికన్నా గొప్పది.

మన లీగులో ప్రతి వేసవి చివరా అందరికన్నా బాగా బంతి విసిరినవాడికి వెండి బంతి ఇచ్చేవారు. ఎవరికివ్వాలో ఏడుగురు పేపరువాళ్ళు ఓటు వేసి తేల్చేవారు. హెర్షెల్ తల్లి ఐడెల్లా పెద్దమ్మ ఆ వెండి బంతి కోసం ముందుగదిలో అలమారా ఖాళీ చేసి, స్వయంగా అల్లిన లేసు గుడ్డ పరిచి ఉంచింది. మూడేళ్ళు ఆ గుడ్డ మీద ఏమీ లేదు. పెద్దమ్మ రోజూ దాని దుమ్ము దులిపేది.

మొదటి ఏడు హెర్షెల్‌కి కోపం వచ్చి మంచినీళ్ళ పీపా ఎత్తి జనం కూర్చునే స్టాండు మీదుగా విసిరాడు. అది నదిలో పడింది. రెండు బాతులు అందులో కాపురం పెట్టాయి. ఆ ఏడు వెండి బంతి పోయింది. రెండో ఏడు అంపైరు మీద అరిచిన అరుపుకి ఆయన మీసం ఒక పక్కకి ఒరిగింది, చచ్చేదాకా మళ్ళీ తిన్నగా అవలేదు. ఆ ఏడూ పోయింది. మూడో ఏడు పేపరువాళ్ళ గదిలోకి వెళ్ళి, లైల్ వింగేట్ అనే ఆయన టైపు మిషను తీసుకుని కిటికీలోంచి విసిరాడు. అది తిన్నగా బ్యాటు పట్టుకున్నవాడి మోకాళ్ళ పైనుంచి పోయింది. బ్యాటుకి అందకుండా మంచి బంతి పోయినట్టు, అంపైరు అలవాటు కొద్దీ స్ట్రయిక్ అనేశాడు. అది ఒప్పుకున్నారు గానీ ఓట్లు మాత్రం పడలేదు.

నాలుగో ఏటికి హెర్షెల్‌కి ముప్పై ఆరొచ్చాయి. ఈ వేసవి దాటితే నీ భుజం పనికిరాదని డాక్టరు చెప్పేశాడు. అదే ఆఖరి అవకాశం. ఆఖరి ఆట రోజు పొద్దున లైల్ వింగేట్ మా బెంచీ దగ్గరికి వచ్చాడు. కొత్త టైపు మిషను చంకలో గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

"చూడు హెర్షెల్, మేం ఏడుగురం. ముగ్గురు నీ వైపు, ముగ్గురు ఇంకో జట్టుకి బంతి విసిరే ఆ కాల్డర్ కుర్రాడి వైపు. వాడు అంపైరుకి రోజూ నమస్కారం పెడతాడు. ఏడో ఓటు నాది."

"అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు, నీ కాళ్ళు పట్టుకోమంటావా?"

"వద్దు నాయనా, పట్టుకుంటే విసిరేస్తావు. ఒక్కటే చెబుతున్నా. ఇవాళ బంతి తప్ప ఇంకేం విసిరినా నా ఓటు అటే."

హెర్షెల్ మెడ ఎర్రబడింది. పక్కనున్న బకెట్లో ఐసు కరిగింది. అయినా తల ఊపాడు.

అసలు ఆ రోజు పొద్దున్నే మనసు పాడై వచ్చాడు. టిఫిను వేళ డెల్బర్ట్, హెర్షెల్ వాళ్ళింటికి వెళ్ళి, పీచ్ జామ్ సీసా పెట్టడానికి చోటు కనపడక ఆ లేసు గుడ్డ మీద పెట్టాడట. హెర్షెల్ వాణ్ణి వాడి ముత్తాత దగ్గర్నుంచీ వరసగా తిట్టాడు. డెల్బర్ట్ సీసా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆట మొదలైంది. మొదటి ముగ్గురు బ్యాటు ఊపి గాలి కొట్టుకుని వెళ్ళారు. తర్వాత ముగ్గురూ అంతే. నాలుగో ఇన్నింగ్స్ అయ్యేసరికి పన్నెండు మంది వచ్చారు, పన్నెండు మందీ వెనక్కి పోయారు. బంతి కొట్టి పరిగెత్తి చేరాల్సిన మొదటి బేసుకి ఒక్కడి కాలు కూడా తగల్లేదు.

అక్కడ వచ్చింది చిక్కు. మీకు తెలుసుగా, అలా ఎవణ్ణీ బేసు ఎక్కనివ్వకుండా ఒకడు విసురుతూ పోతుంటే వాడితో ఎవరూ మాట్లాడకూడదు. పక్కన కూర్చోకూడదు. జరుగుతున్నదాని పేరు ఎత్తకూడదు. ఎత్తితే చెడిపోతుంది. మా తాతల నాటి నియమం అది. అయిదో ఇన్నింగ్స్ నుంచి బెంచీ మీద అందరూ అటు జరిగారు. హెర్షెల్ ఒక్కడే ఇటు చివర మిగిలాడు.

ఆ సంగతి హెర్షెల్‌కి తెలియదా అంటారా? తెలుసు. కానీ కోపంగా ఉన్నప్పుడు అతను తన వేళ్ళు కూడా లెక్కపెట్టుకోలేడు. ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు, ఏమీ చూడలేదు. జామ్ సీసా గొడవ డెల్బర్ట్ అందరికీ చెప్పి తనని వెలివేయించాడనుకున్నాడు.

"కొన్ని నీళ్ళివ్వండిరా," అన్నాడు.

ఎవరూ పలకలేదు. ఒకడు గరిటెడు నీళ్ళు తెచ్చి, దూరం నుంచి చెయ్యి చాపి బెంచీ మీద పెట్టి పారిపోయాడు.

"డెల్బర్ట్, నీ నోట్లో ఏం పెట్టుకున్నావురా, ఆ జామేనా?"

డెల్బర్ట్ ఆకాశం వంక చూశాడు.

అప్పుడు నా వైపు తిరిగాడు. "ఏం బాబాయ్, పుట్టినప్పట్నుంచీ మూతపడని నోరు కదా నీది. నీక్కూడా నేను పనికిరాకుండా పోయానా?"

నా జన్మలో అంత కష్టం ఎప్పుడూ పడలేదు. మాట గొంతు దాకా వచ్చింది. గుప్పెడు బురద తీసుకుని నోట్లో కుక్కుకున్నాను. ఇప్పటికీ చేపల కూర తింటే ఆ రుచే గుర్తొస్తుంది.

ఏడో ఇన్నింగ్స్ అయ్యాక హెర్షెల్ లేచి నీళ్ళ పీపా దగ్గరికి వెళ్ళాడు. రెండు చేతులా పట్టుకుని తలపైకి ఎత్తాడు. పైన పేపరువాళ్ళ గదిలో లైల్ వింగేట్ దుర్భిణి కళ్ళకి పెట్టుకుని పెన్సిలు తీశాడు. నది మీద బాతులు రెండూ తలలెత్తి చూశాయి, ఇంకో గది దొరుకుతుందేమోనని.

హెర్షెల్ స్టాండు వైపు చూశాడు. మూడో వరసలో ఐడెల్లా పెద్దమ్మ కూర్చుంది. ఒళ్ళో ఆ లేసు గుడ్డ పరుచుకుని, ముడతలు పోయేలా అరచేత్తో సవరిస్తోంది.

పీపా అలాగే ఆగిపోయింది. తర్వాత మెల్లగా నోటి దగ్గరికి దించాడు. తాగాడు. ఆపకుండా, బొట్టు మిగల్చకుండా పీపా మొత్తం తాగాడు. చెవుల్లోంచి ఆవిరి ఈలవేస్తూ వచ్చింది. పట్నం రైలనుకుని ఇద్దరు పెట్టెలు పట్టుకుని స్టేషనుకి పరిగెత్తారు. ఖాళీ పీపాని, నిద్రపోయే పసిపిల్లని పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టి ఆటలోకి వెళ్ళాడు.

ఆ తర్వాత చూసింది ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. బయటికి పోవాల్సిన కోపమంతా ఆ భుజంలోకి దిగింది. బంతి కనపడటం మానేసింది. చెయ్యి తిరిగేది, డెల్బర్ట్ తొడుగు మోగేది, మధ్యలో ఏమీ లేదు. అవతలి జట్టులో ఒకడు బ్యాటు కింద పెట్టి టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ప్రార్థనలో నిలబడ్డట్టు. మూడు వేల మంది జనం. ఒక్క దగ్గు లేదు. జెండా కూడా కదలడం మానేసింది. మాంసం ముక్క కాలడం దాటి బొగ్గయింది, డెల్బర్ట్ అరచేతి కింద నుంచి పొగ.

తొమ్మిదో ఇన్నింగ్స్, ఆఖరిది. ఇరవై ఆరు మంది పోయారు. ఇరవై ఏడోవాడు ఆఖరివాడు. రెండు స్ట్రయికులు పడ్డాయి, మూడోది పడితే వాడూ ఔటే. మూడోది విసిరాడు. సరిగ్గా మధ్యలోంచి పోయింది, గుడ్డివాడికైనా తెలుస్తుంది. అంపైరు కాదన్నాడు.

ఒరిగిన మీసం ఆయనే. అన్నాక భయం వేసి ఇనుప ముసుగు రెండు చేతులా పట్టుకున్నాడు.

హెర్షెల్ నెమ్మదిగా నడిచి ఆయన దగ్గరికి వచ్చాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "అయ్యా, మీకెలా కనపడితే అలాగే," అన్నాడు.

అంపైరు అక్కడే కూలబడ్డాడు. లేపి నిలబెట్టాల్సి వచ్చింది.

ఆఖరి బంతి ఎవరూ చూడలేదు. చెయ్యి తిరిగిందంతే. కాలిన తోలు వాసన వచ్చింది. ఆ వాసన పట్టి అంపైరు స్ట్రయిక్ అన్నాడు.

అప్పుడిక మా బెంచీ మొత్తం లేచింది. నాలుగున్నర ఇన్నింగ్స్ నోళ్ళు కుట్టుకున్న మనుషులు, అరుచుకుంటూ నలువైపుల నుంచీ హెర్షెల్ మీదికి పరుగు. ముందు డెల్బర్ట్, పొగలొచ్చే చెయ్యి ఎత్తి.

హెర్షెల్ ఏమనుకున్నాడో తెలుసా? కొట్టడానికి వస్తున్నారనుకున్నాడు.

పిడికిళ్ళు బిగించాడు. తల్లి వైపు చూశాడు. పైన దుర్భిణి వైపు చూశాడు. తర్వాత చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల వంచి నిలబడ్డాడు.

"కానివ్వండిరా. డెల్బర్ట్, మొదటి దెబ్బ నువ్వే వెయ్యి. మీ ముత్తాతని అనాల్సింది కాదు."

డెల్బర్ట్ ఆగలేక వాణ్ణి కావలించుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. "ఒరేయ్ వెర్రోడా, ఇరవై ఏడు మందిరా. ఒక్కణ్ణి బేసు ఎక్కనిచ్చావా? అందుకే కదురా నీతో మాట్లాడంది."

హెర్షెల్ కళ్ళు తెరిచి బోర్డు మీద సున్నాలన్నీ వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. అంత పెద్ద మనిషీ నేల మీద కూర్చుని ఏడ్చాడు.

లైల్ వింగేట్ పైనుంచి దిగి వచ్చాడు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి. "ముప్పై ఏళ్ళుగా ఆటలు రాస్తున్నాను. బంతి విసరడం చాలామంది దగ్గర చూశాను. అలా చేతులు వెనక్కి పెట్టుకోవడం మాత్రం ఇదే చూడటం. నా ఓటు నీకే," అన్నాడు.

ఆదివారానికల్లా వెండి బంతి లేసు గుడ్డ మీద కూర్చుంది. పక్కన జామ్ సీసా కూడా. పెద్దమ్మే పెట్టింది.

ఆ రోజు ఆట వదిలాక నేను నోట్లో బురద కడుక్కుంటున్నాను. ఆటంటే ఏంటో తెలియక మొదటిసారి చూడ్డానికి వచ్చిన డెల్బర్ట్ అత్తగారు అల్లిక సంచిలో సర్దుకుంటూ పక్కావిడతో అంది:

"మధ్యాహ్నం నుంచీ చూస్తున్నానమ్మా, ఆ పొడుగాయన బ్యాటు ఉన్న చోటికి ఒక్క బంతీ వెయ్యలేకపోయాడు. అలాంటివాడికి బహుమతేమిటి, విడ్డూరం కాకపోతే."