టస్కెట్ కడుపు కడిగిన వేసవి

కొరియా తీరంలో టస్కెట్ యుద్ధనౌకకు ఫిరంగి గుండు తగిలినప్పుడు హిబ్బర్ట్ కోర్కమ్ బాయిలర్ గదిలో ఉన్నాడు. పక్కనే ఉన్న తమ్ముడు రాయ్ అక్కడికక్కడే పోయాడు. ఆవిరి తగ్గితే ఓడ శత్రువు ఎదుటే ఆగిపోతుంది. తమ్ముడి వైపు చూడకుండా హిబ్బర్ట్ మంట నిలబెట్టాడు. పైన ఫిరంగి దగ్గరున్న నేనూ, మిగతావాళ్లమూ బతికింది అందుకే.

ఆ తర్వాత టస్కెట్ అట్లాంటిక్‌లో జలాంతర్గాముల కోసం గాలిస్తూ ముసలిదైంది. చివరికి కొలువు నుంచి తప్పించి హాలిఫాక్స్ రేవులో కట్టేశారు.

అప్పుడు మా పాత లెఫ్టినెంటు ఎవెరెట్ నికిల్ మా ఊరు లూనెన్‌బర్గ్ వచ్చి మమ్మల్ని పోగుచేశాడు.

"టస్కెట్‌ను మనూరికి తెప్పిస్తున్నానర్రా. మ్యూజియం చేద్దాం. బాయిలర్ గది తలుపు మీద రాయ్ పేరు రాయిస్తా. కాకపోతే లోపలి చమురు మడ్డంతా మనమే కడగాలి. చేస్తారా?"

"మీరడగాలా సార్!" అన్నాడు హిబ్బర్ట్.

ఆ వేసవంతా హాలిఫాక్స్ వెళ్లి, ఓడ అడుగు అరల్లోకి పాకి మడ్డి తోడాం. హిబ్బర్ట్ భార్య వెర్నా ఉప్పుచేపా బంగాళదుంపలూ వండి పంపేది.

సెప్టెంబరులో ఓడను లాక్కెళ్లే టగ్ పడవ వచ్చింది. హిబ్బర్ట్ హుషారుగా దాని సరంగును పలకరించాడు.

"లూనెన్‌బర్గ్‌కి ఎప్పటికి చేరుస్తావయ్యా?"

"లూనెన్‌బర్గా? ఎవరు చెప్పారు పెద్దాయనా? నడిసముద్రానికి తీసుకెళ్తున్నాం. కొత్త గన్నర్లు గురి నేర్చుకుంటూ ముంచేస్తారు. లోపల చమురుంటే చేపలు పోతాయని జాలర్లు గోల పెట్టారు గానీ, లేకుంటే ఎప్పుడో మునిగేది."

అప్పుడే వచ్చిన ఎవెరెట్ ఆ మాట విని అక్కడే ఆగిపోయాడు.

"నీకెప్పటి నుంచి తెలుసు?" అన్నాడు హిబ్బర్ట్. ఆయన్ని ఏకవచనంతో పిలవడం నేను విన్నది అదే మొదలు.

"మ్యూజియం కుదరదని జూన్‌లోనే చెప్పేశారు హిబ్. అప్పటికే శుభ్రం చేయిస్తానని పైవాళ్లకు మాటిచ్చేశాను."

"మాకూ ఇచ్చావుగా."

ఎవెరెట్ నీళ్లకేసి చూశాడు.

హిబ్బర్ట్ బాయిలర్ గదిలోకి దిగాడు. ఇక పైకి రాడేమోనని నేను మెట్ల దగ్గరే నిలబడ్డాను. కాసేపటికి వచ్చాడు. మొహం కడుక్కున్నట్టు తడిగా ఉంది. "అద్దంలా చేశాం కదరా," అన్నాడు, "వాళ్లు ముంచడానికి."

నవంబరులో, యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకునే రోజున, మృతవీరుల స్మారకం దగ్గరికి ఎవెరెట్ పూలచక్రంతో వచ్చాడు. హిబ్బర్ట్ దాన్ని ఆయన చేతిలోంచి తీసుకున్నాడు.

"ఇది నేను పెడతా. నువ్వెళ్లు."

ఎవెరెట్ వెళ్లిపోయాడు. మాలో ఒక్కరూ ఆయన్ని వెనక్కి పిలవలేదు.