తిన్నావా అక్కా

ఏటీఎం కార్డులు తమిళనాడులోని ధర్మపురి పల్లెలకు కొత్తగా వస్తున్న రోజులు. కార్డు గురించీ, ఇంటర్నెట్ జాగ్రత్తల గురించీ పదో తరగతికి ఒక పీరియడ్ చెప్పమని హెడ్మాస్టరు శశికళకే పురమాయించాడు. ఆమె సంగతి ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు.

‘రహస్య నంబరు ఎవరికీ చెప్పకూడదు’ అని ఆమె బోర్డు మీద తమిళంలో రాసింది. సుద్దపొడి రాలుతున్న వేళ్లను, అవి ఇంకెవరివో అన్నట్టు చూసుకుంది.

బెల్లు కొట్టగానే పిల్లలు అన్నానికి పరిగెత్తారు. ధనలక్ష్మి ఒక్కతే టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడింది. పక్కన ఎవరూ లేకపోతే ఇద్దరూ ఇంటి తెలుగులోకి దిగుతారు.

“టీచర్, మనోళ్లకైతే చెప్పచ్చు కదా?”

“మనోళ్లంటే?”

“మన మాట మాట్లాడేటోళ్లు. బ్రౌజింగ్ సెంటర్లో, చాటింగ్‌లో ఒగన్న పరిచయమైనాడు. ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటే రాస్తాడు టీచర్! తెలుగు చదవను రాని నేను గడగడా చదివేస్తిని. అమ్మకు చెప్తే, ‘మన మాటను రాసేకి కూడా అయితుందా మే?’ అని ఒగటే నవ్వు.”

“ఏమడిగినాడు?”

“అమ్మ కార్డు నంబర్లు. నాయన బెంగుళూరు కూలి దాంట్లోనే కదా వేసేది. బహుమతి వచ్చిందంట, దాంట్లోకే పంపిస్తాడంట. సాయంత్రం రమ్మన్నాడు.”

“పోవద్దు.”

“మీకు తెలీదు టీచర్. మంచోడు.”

శశికళ ఉలిక్కిపడాల్సింది. పడలేదు. నాలుగు నెలల కిందట బస్టాండు దగ్గరి బ్రౌజింగ్ సెంటర్లో, ముప్పై నాలుగేళ్ల వయసులో, ఎవడో ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపిన తన ఇంటి మాటను ఆమె మొదటిసారి చదివింది. పెదవులు కదుపుతూ మళ్లీ మళ్లీ చదివింది. బహుమతి సంగతి ఆమె నమ్మనే లేదు. నంబర్లు ఇవ్వకపోతే మర్నాడు ఆ మాట రాదేమోనని ఇచ్చింది.

ఇప్పుడు చెబితే రేపటికి క్లాసుకు, ఎల్లుండికి మొగుడికి తెలుస్తుంది. చెప్పకపోతే ఈ పిల్ల సాయంత్రం పోతుంది.

సుద్దముక్క తీసుకుని, బోర్డు మీది వాక్యం కింద ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది: తిన్నావా అక్కా.

ధనలక్ష్మి పెదవులు కదిలాయి. “నాకు... తిన్నావా పాపా అని రాస్తాడు.” గొంతు తగ్గింది. “మీకెట్ల తెలుసు?”

“నేను ఇచ్చేసినాను. ఉండేదంతా పాయె.”

“మళ్లీ రాసినాడా?”

“లేదు.”

“చూస్తిరా?”

“నెలంతా దినమూ పోయి చూసినాను.”

ఆ పిల్ల జామెట్రీ బాక్సులోంచి మడత పెట్టిన కాగితం తీసి టీచరు చేతిలో పెట్టింది. కార్డు నంబర్లు. శశికళ దాన్ని ముక్కలుగా చించింది. సిగ్గో, ఊరటో, ఏదో ఒకటి వస్తుందని కాసేపు చూసింది. ఏదీ రాలేదు.

బయట పళ్లాల చప్పుడు. ధనలక్ష్మి డబ్బా మూత ఇంకా తీయలేదు. శశికళ నోటి దాకా వచ్చిన ‘తిన్నావా’ అక్కడే ఆగిపోయింది.

“సాప్టియా?” అని అదే మాటను తమిళంలో అడిగింది.